మాడిన వరుస ఒక్కటే: షేడ్‌నెట్ కింది సూటి ఎండ, పాలీహౌస్‌లోని చెదిరిన వెలుగు

పులంకతోట (కడియపులంక), మే 12

మన చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారమండి. కడియపులంకలో మా నాన్నగారి నాటి నుంచి నర్సరీ నడుపుతున్నాం. పూలమొక్కలు, అలంకరణకు వాడే ఆకుమొక్కలు మా ప్రధాన సరుకు. ఈ వేసవిలో నాకు అంతుచిక్కని సంగతి ఒకటి ఎదురైంది కనుక ఉన్నదున్నట్టుగా, కాస్త విపులంగా రాస్తున్నాను.

నీడలో పెరిగే పూలమొక్క ఆంథూరియం మా దగ్గర రెండు చోట్ల పెరుగుతోంది. ఒకటి 3 మీటర్ల ఎత్తున, 75 శాతం వెలుగును ఆపే నల్ల షేడ్‌నెట్ పరిచిన పందిరి. రెండోది పాలరంగు ప్లాస్టిక్ ఫిల్ము కప్పిన పాలీహౌస్. అందులో కప్పు కింద తెల్ల నెట్ ఒకటి అడ్డంగా లాగి ఉంటుంది. మొక్కలన్నీ ఒకే బ్యాచ్‌లో వచ్చినవే. కొబ్బరిపొట్టు మిశ్రమం, ఎరువు, నీళ్లు పెట్టే వేళలు, చూసుకునే మనిషి, అన్నీ రెండింటికీ ఒకటే. మధ్యాహ్నం పూట ఫోనులో వెలుగును కొలిచే లక్స్ మీటరు పెట్టి చూస్తే పాలీహౌస్‌లోనే వెలుగు ఎక్కువ చూపిస్తోంది. ఆ లెక్కన ఆకులు మాడితే అక్కడ మాడాలి. కానీ మాడినవి నల్ల నెట్ కింద ఉన్నవి.

అవి కూడా అన్నీ కాదండి. పందిరి నడుమ తూర్పు నుంచి పడమరకు సాగే ఒకే ఒక్క వరుసలో, పై ఆకులు మాత్రమే, మొదట వెండిపూత పూసినట్టు పాలిపోయి, నాలుగైదు రోజులకు ఎండుగడ్డి రంగుకు తిరిగి, చేత్తో నలిపితే కాగితంలా చిట్లుతున్నాయి. పక్క వరుసలో ఒక్క మచ్చ లేదు. ఇది మొదటి బాధ. రెండోది, అదే పందిరిలో మిగిలిన మొక్కలన్నిటికీ పై ఆకులు బాగానే ఉన్నా అడుగు ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. పాలీహౌస్‌లో మాత్రం కుండీ అంచును తాకే ఆకు కూడా పచ్చగా ఉంది. ఒకరు తెగులన్నారు, ఒకరు పొటాష్ లోపమన్నారు. రోహిణీ కార్తె ముందుంది కనుక నల్ల నెట్ మీద ఇంకో పొర వేయించమని ఇంట్లో వాళ్లు తొందరపెడుతున్నారు. వేయించమంటారా?

నారుమడి (రావులపాలెం), మే 12

మావయ్య గారికి నమస్కారం. నన్నడిగితే రెండో పొర వేయించేయండి. రోహిణీ ఎండలకు రోళ్లు పగులుతాయన్నది ఊరికే పుట్టిన మాట కాదు. నా దగ్గర మిరప, టమాటా, వంగ నారు ప్రోట్రేల్లో (గుంటలున్న ప్లాస్టిక్ నారు ట్రేల్లో) 50 శాతం నెట్ కింద పెరుగుతుంది. పోయిన వేసవిలో అంచున ఉన్న ట్రేలకు పక్కనెట్ కట్టించడం వారం రోజులు ఆలస్యమైనందుకు అవన్నీ పోగొట్టుకున్నాను. నీడ ఎక్కువైతే మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, తక్కువైతే మొక్కే మిగలదు.

గొట్టాల పందిరి (రాజమహేంద్రవరం), మే 12

తొందరపడకండి, పులంకతోట గారూ. నేను చాలా ఏళ్లుగా పాలీహౌస్‌లు, నెట్ పందిళ్లు కట్టిస్తున్నాను. తెగులు గాని, పోషక లోపం గాని దిక్కులు చూసుకొని, గీత గీసినట్టు ఒకే వరుసను పట్టదు. కింద గీత ఉందంటే పైన కూడా గీత ఉండి తీరాలి. మీ నెట్ రోల్స్ ఏ దిక్కుగా పరిచారు? రెండు రోల్స్ కలిపి కుట్టిన అతుకు సరిగ్గా ఆ వరుస మీద ఉందేమో, ఉంటే కుట్టు ఊడిందేమో నిచ్చెన వేసి చూడండి. ఎండ నిలువుగా పడే వేళకు వెళ్తే తేలిగ్గా తెలుస్తుంది.

పులంకతోట (కడియపులంక), మే 13

మీరన్నది అక్షరాలా నిజమండి. తూర్పు పడమరలుగా పరిచిన రెండు రోల్స్ మధ్య కుట్టు దారం ఎండకు చివికి, ఎనిమిది మూరల మేర ఊడిపోయి ఉంది. బిగువుకు నెట్ ఇరువైపులా లాక్కుపోవడంతో రెండు వేళ్లు పట్టే సందు ఏర్పడింది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం మెరుపులో అది కంటికి ఆనదు. మొక్కల వైపు చూస్తే మాత్రం అరచేతిలో సగం వెడల్పున తెల్లటి పట్టీ ఒకటి, ఆకు నుంచి ఆకుకు ఎక్కుతూ దిగుతూ, వరుస పొడవునా పరుచుకొని ఉంది. ఒక ఆకు మీద ఆ పట్టీలోనూ, దాని పక్కనా వేలు పెట్టి చూశాను. పట్టీలో ఉన్న భాగం వెచ్చగా ఉంది, వేలెడు అవతల చల్లగా ఉంది. రెండూ ఒకే ఆకు మీద.

రెండు గంటలకు మళ్లీ వెళ్లాను. పట్టీ అక్కడే ఉంది. సూర్యుడు కదులుతుంటే పట్టీ కూడా కదలాలి కదా? ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

గొట్టాల పందిరి (రాజమహేంద్రవరం), మే 13

కదులుతుంది, అయితే ఏ దిక్కుకు కదులుతుందన్నదే ముఖ్యం. కడియం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల 8వ తేదీ ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్న సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. ఆ రోజుల్లో సూర్యుడి నడక దాదాపుగా మీ అతుకు వెంబడే సాగుతుంది కాబట్టి, సందులోంచి దిగే ఎండ పట్టీ తన పొడవునా తానే జారుతుంది తప్ప పక్కకు జరగదు. నేను లెక్క వేసి చూశాను. 3 మీటర్ల ఎత్తు పందిరిలో, నడినెత్తి వేళకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తరవాత వరకు ఆ పట్టీ పక్కకు కదిలేది 13 సెంటీమీటర్లు మాత్రమే, అంటే జానెడు కూడా లేదు. అదే అతుకు ఉత్తర దక్షిణాలుగా ఉండి ఉంటే, ఆ నాలుగు గంటల్లో పట్టీ పడమటి నుంచి తూర్పుకు 3 మీటర్లకు పైగా నడిచేది. ఏ ఆకు మీదా మూడు, నాలుగు నిమిషాలకు మించి నిలిచేది కాదు, మీకు సందు ఉన్నట్టు కూడా తెలిసేది కాదు.

పాలీహౌస్‌లో గట్టర్లను, అంటే కప్పు మీది వాననీటి కాలువలను, ఉత్తర దక్షిణాలుగా వేయడానికి కూడా ఇదే కారణం. గట్టరు నీడ రోజంతా ఒకే వరుసను పట్టుకోకుండా పంట మీదుగా దాటిపోవాలి. నీడకు చెప్పుకున్న న్యాయమే ఎండకూ వర్తిస్తుంది.

రెండో పొర ఇప్పుడు వద్దు. 75 శాతం నెట్ మీద అదే నెట్ మరొకటి వేస్తే నాలుగో వంతులో నాలుగో వంతు, అంటే పదహారో వంతు వెలుగే దిగుతుంది. అతుకు దగ్గర జానెడు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి, ఎండకు తట్టుకునే దారంతో కుట్టించండి, చాలు.

ఉద్యాన పాఠం (తాడేపల్లిగూడెం), మే 14

మొదటి చిక్కు ముడి విప్పినందుకు గొట్టాల పందిరి గారికి ధన్యవాదాలు. అడుగు ఆకులు రాలడం గురించి నేను రాస్తాను. ఉద్యాన విద్యార్థులకు పాఠం చెప్పేదాన్ని కనుక కాస్త నిడివి అవుతుంది, మన్నించాలి.

మన నర్సరీల్లో నీడను ఒకే ప్రశ్నతో కొలుస్తాం: ఎంత శాతం నెట్? ఆ అంకె ఎంత వెలుగు ఆగిపోయిందో చెబుతుంది, కిందికి దిగిన వెలుగు ఏ తీరున దిగిందో చెప్పదు. పులంకతోట గారు ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు తీసుకొని నిర్మలంగా ఎండ కాసే వేళ రెండు షెడ్లలోనూ నిలబడి, కాగితానికి జానెడు ఎత్తున పెన్సిలు పట్టుకొని చూడాలి. నల్ల నెట్ కింద పెన్సిలు నీడ అంచులు తీరి, స్పష్టంగా పడుతుంది. పాలరంగు ఫిల్ము కింద ఎక్కడో చిన్న మసక కనిపిస్తే కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. మొదటిది సూటి వెలుగు, సూర్యబింబం నుంచి బయలుదేరిన దారి తప్పకుండా వచ్చినది. రెండోది చెదిరిన వెలుగు, ఫిల్ములో తగిలి అన్ని దిక్కులకూ విరజిమ్ముకొని దిగినది.

నల్ల దారం తన మీద పడిన వెలుగును మింగేస్తుంది. దారాల మధ్య ఖాళీల్లో దూరినది అదే దారిన కిందికి వస్తుంది. మరి నెట్ దారాల గళ్లు నేల మీద ఎందుకు కనిపించవని అడగవచ్చు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల ఏ వస్తువు నీడైనా తన వెడల్పుకు 108 రెట్ల దూరం వెళ్లేసరికి నడిబొడ్డు నలుపును కోల్పోతుంది. 2 మిల్లీమీటర్ల దారం నీడ 22 సెంటీమీటర్లకే కరిగిపోతుంది. 3 మీటర్ల కింద మనకు కనిపించేది సమంగా పలచబడిన ఎండ. అది కంటికి మెత్తగా అనిపించడం వల్ల చెదిరిందనుకుంటాం. కానీ అది ఇంకా ఒకే దిక్కు నుంచి దిగుతున్న ఎండే. 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న ఆకు తన కింది ఆకు మీద వేసే నీడ అంచులో మసక 1 మిల్లీమీటరే ఉంటుంది. కింది ఆకు మొత్తం చీకట్లో పడిపోతుంది.

మొక్క వైపు నుంచి చూద్దాం. ఆకుకు వెలుగు పెంచుతూ పోతే కిరణజన్య సంయోగక్రియ మొదట దానితో సమంగా పెరుగుతుంది, తరవాత మందగిస్తుంది, ఆపైన ఎంత పోసినా పెరగదు. ఆంథూరియం వంటి నీడ మొక్క ఆకు నిండు ఎండలో దాదాపు ఐదో వంతుకే ఆ స్థితికి వస్తుంది. అందువల్ల సూటి ఎండలో పై ఆకు తనకు చాలినంత తీసుకొని మిగిలినదాన్ని వేడిగా వదిలించుకోవడానికి అవస్థ పడుతుంటే, కింది ఆకు తన ఊపిరి ఖర్చుకు కూడా సంపాదించుకోలేక పసుపు తిరుగుతుంది. మొక్క ఆ ఆకులోని నత్రజనిని వెనక్కి లాగేసుకొని దాన్ని వదిలేస్తుంది. పొటాష్ లోపమన్నవారు పసుపు రంగును చూసి పొరబడి ఉంటారు. చెదిరిన వెలుగు పక్కల నుంచి, ఏటవాలుగా, ఆకుల సందుల్లోంచి లోపలికి చేరుతుంది. పై ఆకుకు అనవసరమైన వాటా తగ్గి కింది ఆకుకు అవసరమైన వాటా పెరుగుతుంది. మొత్తం వెలుగు అంతే ఉన్నా మొక్క మొత్తంగా చేసే పని పెరుగుతుంది.

ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్ విశ్వవిద్యాలయంలో టమాటా పంటను మామూలు గాజు కింద, వెలుగును 71 శాతం చెదరగొట్టే గాజు కింద పెంచి పోల్చి, 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం పంట మొత్తం కిరణజన్య సంయోగక్రియ 7.2 శాతం పెరిగింది. రెండు గాజులూ లోపలికి పంపిన వెలుగు దాదాపు సమానమే. ఇంతకన్నా పెద్ద నిదర్శనం ప్రకృతే చూపించింది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఆకాశంలోకి చేరిన గంధక కణాలు ప్రపంచమంతటా ఎండను చెదరగొట్టాయి. అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో మబ్బు లేని మధ్యాహ్నాల్లో ఆ అడవి చేసిన కిరణజన్య సంయోగక్రియ 1992లో 23 శాతం, 1993లో 8 శాతం ఎక్కువగా నమోదైంది. నేలకు చేరిన మొత్తం వెలుగు తగ్గినా అడవి ఎక్కువ తిన్నది. ఈ ఉదాహరణ తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

కోనసీమ కోకో (అంబాజీపేట), మే 15

మేడమ్ గారు రాసినది రెండుసార్లు చదివాను. ఒక సందేహం ఉంది. మా కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. కొబ్బరి మట్టల సందుల్లోంచి ఎండ గుండ్రటి బిళ్లలుగా కోకో ఆకుల మీద పడుతుంటుంది. మీ లెక్కన ఆ బిళ్లల్లో పడేది కూడా నిండు ఎండే, సూటి ఎండే. తరతరాలుగా ఈ తోటల కింద అరటి, పసుపు, కంద, ఇప్పుడు కోకో పెరుగుతున్నాయి. ఏ ఆకూ బిళ్లలు బిళ్లలుగా మాడినట్టు నేను చూడలేదు. ఆంథూరియానికి తగిలిన దెబ్బ కోకోకు ఎందుకు తగలడం లేదు?

ఉద్యాన పాఠం (తాడేపల్లిగూడెం), మే 15

చక్కటి ప్రశ్న అడిగారండి. ముందు ఆ బిళ్లల గురించి ఒక్క మాట. మట్టల మధ్య చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా కింద పడే మచ్చ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సూర్యబింబం తాలూకు ప్రతిరూపం. 15 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాని వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. సూర్యగ్రహణం వేళ అవే బిళ్లలు నెలవంకల్లా మారడం మీరు చూసే ఉంటారు. సందు చిన్నదైతే, చేరిన కాస్త వెలుగే ఆ బిళ్ల అంతటా పరుచుకోవాలి కాబట్టి అందులోని వెలుగు నిండు ఎండకన్నా చాలా తక్కువ. ఇది మొదటి కారణం.

రెండోది, అది నిలవదు. సూర్యుడు జరుగుతాడు, మట్ట ఊగుతుంది, గోదావరి గాలి ఆగదు. ఒక ఆకు మీద బిళ్ల ఉండేది కొన్ని క్షణాలు, మహా అయితే కొన్ని నిమిషాలు. నీడకు అలవాటుపడిన ఆకు ఆ కాసేపట్లో దొరికింది దొరికినట్టు వాడుకొని మళ్లీ నీడలో తేరుకుంటుంది. పులంకతోట గారి సందులోంచి దిగినది రోజుల తరబడి, రోజుకు నాలుగు గంటలు, అవే ఆకుల మీద నిలిచింది. పక్క మొక్కలకు అందిన దానికి నాలుగు రెట్ల ఎండ అది. ఇక కొబ్బరితోటలో ఆ బిళ్లలు కాక మిగిలిన వెలుగంతా ఆకాశం నుంచి, మట్టల నుంచి తగిలి తగిలి దిగిన చెదిరిన వెలుగే. నిజానికి డెల్టా రైతుకు చెదిరిన వెలుగు కొత్త సంగతి కాదు, ఎత్తైన కొబ్బరి కింద పంట పెట్టినప్పుడల్లా దాన్నే వాడుకుంటున్నాం.

దోసతీగ (మండపేట), మే 17

నేను పాలీహౌస్‌లో కీరదోస వేస్తాను. ఫిల్ము మార్చే సమయం వచ్చింది. మూడేళ్ల కిందట ఒక డీలరు, పేరు రాయను, డిఫ్యూజ్ ఫిల్ము, అంటే వెలుగును చెదరగొట్టేది, అయితే లోపల చల్లగా ఉంటుందని చెప్పి అమ్మాడు. తెల్లగా, మసకగా ఉంది కనుక నేనూ నమ్మాను. చల్లదనం సంగతి అటుంచితే దిగుబడి తగ్గింది, వానాకాలంలో తీగ సన్నగా సాగిపోయింది, పిందెలు మాడి రాలాయి. నా సొమ్ము పోయినందుకన్నా, తెలియక ఒప్పుకున్నందుకు ఎక్కువ బాధపడ్డాను. మసకగా ఉన్న ఫిల్ములన్నీ వెలుగును చెదరగొడతాయా? ఈసారి ఎలా ఎంచుకోవాలి?

గొట్టాల పందిరి (రాజమహేంద్రవరం), మే 17

దోసతీగ గారూ, ఫిల్ముకు రెండు వేర్వేరు అంకెలుంటాయి, రెండూ రాతపూర్వకంగా అడగండి. ఒకటి ఎంత శాతం వెలుగును లోపలికి పంపుతుందన్నది. రెండోది హేజ్, అంటే లోపలికి వచ్చిన వెలుగులో ఎంత భాగం తన దారి నుంచి 2.5 డిగ్రీల కన్నా ఎక్కువ పక్కకు తిరిగిందన్నది. మంచి ఫిల్ము 85 శాతానికి పైగా వెలుగును పంపుతూనే అందులో సగానికి మించి చెదరగొట్టగలదు. మీకు అమ్మినది చెదరగొట్టడంతో పాటు ఆపేసినట్టుంది. కంటికి రెండూ ఒకే మసకలా కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం.

ముక్క తెప్పించుకొని మీరే చూసుకోవచ్చు. తెల్లటి బుడగలాంటి మూత ఉన్న లక్స్ మీటరు తీసుకొని, ఎండలో నేరుగా ఒకసారి, ఫిల్ము ముక్కను ఆ మూతకు ఆనించి మరోసారి కొలవండి. ఆనించి కొలవడం ముఖ్యం. దూరంగా పట్టుకుంటే చెదిరిన వెలుగు పక్కలకు పోయి, మంచి ఫిల్ము కూడా తక్కువ చూపిస్తుంది. ఈ కొలత ఎంత వెలుగు వస్తోందో చెబుతుంది. ఆ తరవాత అదే ముక్కను చేయి చాపినంత ఎత్తున పట్టించి, దాని కింద మేడమ్ గారు చెప్పిన పెన్సిలు పరీక్ష చేయండి. అది ఎంత చెదిరిందో చెబుతుంది. మొదటి పరీక్షలో నెగ్గని ఫిల్మును రెండోదాని కోసం కొనవద్దు.

చల్లదనం మాట. వెలుగును చెదరగొట్టినంత మాత్రాన లోపలికి వచ్చే వేడి తగ్గదు. పై ఆకు మీద ఎండ దెబ్బ తగ్గుతుంది కాబట్టి ఆ ఆకు వేడి తగ్గుతుంది, అంతే. గాలి వేడి తగ్గాలంటే పై వెంట్, అంటే కప్పు మీద గాలి పోయే కిటికీ, తెరుచుకోవాలి, పక్క తెరలు ఎత్తాలి, మొక్క నీరు వదలడానికి వేళ్ల దగ్గర తడి ఉండాలి. ఇంకో మాట కూడా చెప్పనివ్వండి, ఇది కళ్లారా చూసి బాధపడిన విషయం. హైవే పక్కన ఉన్న పాలీహౌస్‌ల మీద వేసవికి దుమ్ము పేరుకుంటే, అదీ నీడేలే అని కడగకుండా వదిలేస్తారు. దుమ్ము కొంత చెదరగొడుతుంది, నిజమే, కానీ చాలా భాగం మింగేస్తుంది, వానాకాలం వచ్చాక కూడా బురద చారికలై మిగులుతుంది. కొందరు సున్నం కొడతారు. సున్నం ఘాటుకు జీఐ పైపు మీది జింకు పూత దెబ్బతింటుంది, ఫిల్ము ఆయుష్షు తగ్గుతుంది. కొట్టక తప్పకపోతే సుద్దపొడి పలచగా కొట్టి, తొలకరికి ముందే కడిగేయండి.

నారుమడి (రావులపాలెం), మే 18

ఇదంతా చదివాక నా ప్రోట్రేల మీద కూడా చెదరగొట్టే ఫిల్ము వేయించాలనిపిస్తోంది. నారుకు కూడా అంతే లాభం ఉంటుందా, మేడమ్ గారూ?

ఉద్యాన పాఠం (తాడేపల్లిగూడెం), మే 18

అంత లాభం ఉండదు బాబూ. చెదిరిన వెలుగు గొప్పతనం ఆకు మీద ఆకు, దాని మీద ఆకు ఉన్న చోట. రెండు మీటర్ల తాడుకు పాకిన కీరదోస, టమాటా, గుబురుగా పెరిగిన ఆంథూరియం వంటి వాటికి అది బాగా ఉపకరిస్తుంది. నాలుగు ఆకుల మిరపనారులో ఒకదాని నీడ ఒకదాని మీద పడేదే తక్కువ, పంచుకోవడానికి ఏమీ ఉండదు. నారుకు కలిగే మేలు ఒకటుంది, పైపుల నీడలు ట్రేల మీద చారలుగా పడకుండా మొలకలన్నీ ఒకే ఎత్తున వస్తాయి. 60 మిల్లీమీటర్ల పైపు నీడ 6 మీటర్ల వరకు నల్లగానే ఉంటుంది, నెట్ దారం నీడలా కరిగిపోదు.

ఒక్కొక్క ఆకును విడిగా తీసుకుంటే వేరే సంగతి కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నిండు ఎండలో పెరిగిన ఆకులో పైవరుస కణాలు నిలువు గొట్టాల్లా అమరి సూటి వెలుగును లోతుకు దింపుతాయి. అలాంటి పొద్దుతిరుగుడు ఆకుకు తీవ్రమైన వెలుగును ఒకే మోతాదులో సూటిగాను, చెదరగొట్టిగాను ఇచ్చి కొలిచినప్పుడు, సూటి వెలుగులోనే 10 నుంచి 15 శాతం ఎక్కువ పని చేసింది. ఇది 2008లో ప్రచురితమైన పరిశోధన. నీడలో పెరిగిన ఆకుకు ఆ తేడా లేదు. కాబట్టి బోగన్‌విలియా, గులాబీ, రంగు కోసం పెంచే క్రోటన్ వంటి వాటిని చల్లటి వెలుగు మంచిదట అని లోపలికి తేకండి. వాటి పువ్వూ రంగూ నిండు ఎండ ఇచ్చినవే. మెత్తని వెలుగులో పెరిగిన నారును కూడా ఒక్కసారిగా పొలంలో దించవద్దు, వారం పది రోజులు కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేసి పంపండి.

ఆంథూరియంలో కూడా రకాన్ని బట్టి తేడా ఉంది. వాగనింగెన్‌లోనే రెండు రకాల మీద పని చేసినప్పుడు, వెలుగు హెచ్చుతగ్గులకు పత్రరంధ్రాలను వెంటవెంటనే మూసి తెరిచే రకానికి చెదిరిన వెలుగు మేలు చేసింది, పత్రరంధ్రాలు అంతగా చలించని రకానికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మీ నర్సరీలో ఉన్న రకం ఏదో మీరే పరీక్షించి తెలుసుకోవాలి.

పులంకతోట (కడియపులంక), ఆగస్టు 21

మూడు నెలల తరవాత రాస్తున్నాను. కుట్టు వేయించిన రోజు నుంచి కొత్తగా ఒక్క ఆకూ మాడలేదు. పెన్సిలు పరీక్ష మే నెలలోనే చేశాను. నల్ల నెట్ కింద పెన్సిలు ముల్లు కూడా కాగితం మీద గుర్తుపట్టేంత స్పష్టంగా పడింది. పాలీహౌస్‌లో కాగితానికి నాలుగు వేళ్ల దూరంలోకి తెస్తే గాని నీడ జాడ లేదు. ఫోనును సూర్యుడి వైపు వంచినప్పుడు, అవతలికి తిప్పినప్పుడు నల్ల నెట్ కింద అంకె ఎంతో మారింది, పాలీహౌస్‌లో కొద్దిగానే మారింది.

ఇప్పుడు వానాకాలం తెచ్చిన చిక్కు చెబుతాను. జూలై నుంచి ముసురు పట్టాక బయట నడిరోడ్డు మీద నిలబడి చూసినా పెన్సిలుకు నీడ లేదు. అంటే ఆకాశమే వెలుగును చెదరగొట్టేస్తోంది, మన ఫిల్ము చేయగలిగింది ఏమీ మిగలలేదు. అప్పుడు రెండు షెడ్లకూ తేడా వెలుగు తీరులో లేదు, మోతాదులో ఉంది. నల్ల నెట్ కింద పగలే దీపం పెట్టుకోవలసినట్టుంది. శ్రావణం వచ్చేసరికి అక్కడి ఆంథూరియం కాడలు పాలీహౌస్ వాటికన్నా బెత్తెడు పొడవు సాగి వాలిపోతున్నాయి, పూలు తగ్గాయి. వేసవిలో రెండో పొర వేసి ఉంటే ఈ పాటికి మొక్కలే ఉండేవి కావేమో. కప్పుకు శాశ్వతంగా కుట్టేసిన నెట్‌ను మబ్బు పట్టిందని తీయలేను, ఎండ కాసిందని వేయలేను. అందువల్ల వచ్చే వేసవికి ఆ పందిరికి కూడా పాలరంగు ఫిల్ము వేసి, లోపల తెల్ల నెట్‌ను తీగల మీద జరిపేలా కట్టించాలని ఉంది. గొట్టాల పందిరి గారు సలహా ఇవ్వాలి.

గొట్టాల పందిరి (రాజమహేంద్రవరం), ఆగస్టు 21

మంచి నిర్ణయమండి. జరిగే నెట్ తూర్పు పడమరలుగా కదలాలి, అంటే మూసి ఉంచినప్పుడు దాని అంచు ఉత్తర దక్షిణాలుగా నిలవాలి. అప్పుడు ఎక్కడైనా వేలెడు సందు మిగిలినా పట్టీ నడిచిపోతుంది. పదింటికి మూసి మూడింటికి తెరిస్తే ఉదయం, సాయంత్రపు వెలుగు మొక్కకు దక్కుతుంది, ముసురు రోజుల్లో అసలు మూయనవసరం లేదు. ఫిల్మును ప్రొఫైల్‌లో, అంటే పైపుకు అమర్చే లోహపు గాడిలో, స్ప్రింగులతో బిగించండి, మేకులూ చెక్కపట్టీలూ వద్దు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పటిలాంటి గాలి మళ్లీ వస్తే, స్ప్రింగులు లాగేసి ఫిల్ము దించుకోవడానికి వీలుంటుంది. పనికి కార్తీకం దాటాక రండి, అప్పటికి తుపానుల ఉధృతి కొంత తగ్గుతుంది.

పులంకతోట (కడియపులంక), ఆగస్టు 22

అలాగేనండి, మార్గశిరంలో మొదలుపెడదాం. మేడమ్ గారికి ఒక మాట. మాడిన వరుసలోని మొక్కల్లో రెండింటిని అమ్మకుండా పాలీహౌస్‌లోకి మార్చాను. మాడిన ఆకులు మాడినట్టే ఉన్నాయి, వాటిని కోయలేదు. వాటి మొదట్లోంచి ఈ ఆషాఢంలో మూడేసి కొత్త ఆకులు వచ్చాయి. నిన్న పొద్దున కాగితం, పెన్సిలు పక్కన పెట్టి, కింది ఆకును చేత్తో ఎత్తి చూశాను, దాని వెనుకవైపు కూడా వెలుగు ఉంది.